అసలు మాట ఏది? – జీతం కాగితాల్లో ఇంగ్లీషు మాటల కట్టలు విప్పుకుందాం



ఈ నెల పాఠం ఇంగ్లీషు గ్రామరు. భయపడకండి, పరీక్ష కోసం కాదు, మన చేతికి వచ్చే కాగితాల కోసం. పే స్టబ్, కాంట్రాక్టు, రసీదు, డాక్టరు చీటీ, సైటులో సంతకం పెట్టమనే సేఫ్టీ షీటు చూడండి. వీటిలో పెద్ద పెద్ద వాక్యాలు తక్కువే. ఎక్కువగా ఉండేవి రెండు మూడు మాటలు కలిపి కట్టిన పేర్లు. గ్రామరు పుస్తకంలో దీన్ని నౌన్ ఫ్రేజ్ అంటారు. మనం మాత్రం మాటల కట్ట అందాం. ప్రతి కట్టలో ఒక అసలు మాట ఉంటుంది. మిగతావి దాన్ని పట్టుకుని ఉండేవి. అసలు మాట ఏదో తెలిస్తే కాగితం సగం అర్థమైనట్టే.

దీనికింత శ్రద్ధ ఎందుకో ఒక లెక్కతో చెప్తాను. ఒక పెయింటరన్నకు మూడు వేల డాలర్లు రావాలి అనుకుందాం. కాంట్రాక్టరు వెయ్యి డాలర్లు చేతిలో పెట్టి, ఒక కాగితం మీద సంతకం అడిగాడు. కాగితం పైన రెండు రకాలుగా ఉండొచ్చు:

"రిసీట్ ఫర్ పార్ట్ పేమెంట్" – కొంత డబ్బు ముట్టినట్టు రసీదు.
"రిసీట్ ఫర్ ఫుల్ పేమెంట్" – మొత్తం డబ్బు ముట్టినట్టు రసీదు.

తేడా ఒక్క మాట. పార్ట్ బదులు ఫుల్. ఆ ఒక్క మాట ఖరీదు రెండు వేల డాలర్లు. సంతకం పెట్టినంత మాత్రాన హక్కు పూర్తిగా పోతుందని కాదు. కానీ "మిగతాది ఇవ్వలేదు" అని నిరూపించుకునే బరువు మన నెత్తిన పడుతుంది.

1. ఇది మనకు తెలుగులో వచ్చిన విద్యే

సైటులో పని చేసేవాళ్ళకు ఈ రెండు మాటల తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు:

సిమెంటు బస్తా.
బస్తా సిమెంటు.

"సిమెంటు బస్తా పడేయ్" అంటే సంచి పడేయమని. అది ఖాళీది కూడా కావచ్చు. "బస్తా సిమెంటు కలుపు" అంటే సంచి నిండా ఉన్న సిమెంటు కలపమని. ఇంట్లో పనిచేసే అక్కలకు కాఫీ కప్పు, కప్పు కాఫీ కూడా అంతే. కాఫీ కప్పు కడుగుతాం, కప్పు కాఫీ తాగుతాం. మాటలు అవే, వరస మారింది, వస్తువు మారింది. తెలుగులో చివర ఉన్నదే అసలు మాట.

ఇంగ్లీషులో దీన్ని రెండు దారుల్లో చెప్తారు. సంచి గురించి చెప్పాలంటే "సిమెంట్ బ్యాగ్". నిండుగా ఉన్న సిమెంటు గురించి చెప్పాలంటే "ఎ బ్యాగ్ అవ్ సిమెంట్". ఇక్కడ అమ్మే పోర్ట్‌లాండ్ సిమెంటు బస్తా 94 పౌండ్లు. ఎత్తేటప్పుడు నడుముకు తెలిసేది బ్యాగ్ అవ్ సిమెంటే!

2. ముందు ఒక జాగ్రత్త: అవ్, ఆఫ్ ఒకటి కాదు

మనవాళ్ళం చాలామంది రెండు ఇంగ్లీషు మాటల్ని ఒకేలాగ "ఆఫ్" అని పలుకుతాం. ఒకదానికి ఒక ఎఫ్ ఉంటుంది. ఇంకోదానికి రెండు ఎఫ్‌లు ఉంటాయి. ఒక ఎఫ్ ఉన్నదాన్ని అమెరికావాళ్ళు దాదాపు "అవ్" అంటారు. రెండు ఎఫ్‌లున్నదే "ఆఫ్". ఈ పాఠం అంతా అలాగే రాస్తున్నాను.

"త్రీ డేస్ అవ్ వర్క్" – మూడు రోజుల పని.
"త్రీ డేస్ ఆఫ్ వర్క్" – పనికి మూడు రోజులు సెలవు.

సైటులో చెయ్యి బెణికి డాక్టరు దగ్గరికి వెళ్ళారు అనుకోండి. చీటీలో రెండు ఎఫ్‌లతో "త్రీ డేస్ ఆఫ్ వర్క్" అని రాస్తే మూడు రోజులు పనికి వెళ్ళొద్దని అర్థం. ఫోన్‌లో ఫోర్‌మన్‌కు చెప్పేటప్పుడు కూడా పలుకు తేడాగా వస్తే గందరగోళమే. అనుమానం ఉంటే "నో వర్క్ ఫర్ త్రీ డేస్" అనండి. అప్పుడు ఏ గొడవా లేదు.

ఇంట్లోనే ఉండి పనిచేసే అక్కలకు ఈ తేడా ఇంకా ముఖ్యం. న్యూజెర్సీలో ఇళ్ళలో పనిచేసేవాళ్ళ హక్కుల చట్టం ఒకటి వచ్చింది. దాని పేరు డొమెస్టిక్ వర్కర్స్ బిల్ అవ్ రైట్స్. గవర్నర్ ఫిల్ మర్ఫీ 2024 జనవరి 12న సంతకం చేశారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం యజమాని ఇంట్లోనే ఉండే పనివాళ్ళకు వరుసగా ఆరు రోజులు పని చేశాక ఒక రోజు విశ్రాంతి ఉండాలి. ఇంగ్లీషులో చిన్నగా చెప్పాలంటే: "సిక్స్ డేస్ అవ్ వర్క్, వన్ డే ఆఫ్." ఒకే వాక్యంలో రెండూ ఉన్నాయి. నాలుగుసార్లు గట్టిగా చదవండి.

3. మొదటి సూత్రం: అవ్ లేకపోతే చివరి మాటే అసలు మాట

ఇది అచ్చం తెలుగులాగే. వెనక నుంచి చూడండి.

పే డే – రోజు. ఏ రోజు? జీతం వచ్చే రోజు.
పే రేట్ – రేటు. దేని రేటు? జీతం రేటు.
మీల్ బ్రేక్ – విరామం. దేనికి? భోజనానికి.
లివ్-ఇన్ నానీ – పిల్లల్ని చూసే ఆమె. ఎలాంటి ఆమె? ఆ ఇంట్లోనే ఉండే ఆమె.
ఎర్న్డ్ సిక్ లీవ్ – సెలవు. ఎలాంటిది? ఒంట్లో బాగోనప్పటిది. ఎలా వచ్చింది? మనం పనిచేసి సంపాదించుకున్నది.

ఈ చివరి కట్ట బాగా గుర్తుపెట్టుకోండి. న్యూజెర్సీలో 2018 అక్టోబరు 29 నుంచి ఈ చట్టం ఉంది. ప్రతి 30 గంటల పనికి ఒక గంట జీతంతో కూడిన సెలవు జమ అవుతుంది, ఏడాదికి 40 గంటల దాకా. యూనియన్ ఒప్పందం కింద పనిచేసే నిర్మాణ కార్మికులకు మాత్రం ఇది వర్తించదు, వాళ్ళ సెలవులు ఆ ఒప్పందంలో చూసుకోవాలి.

మాటలు నాలుగైదు ఉన్నా ఇదే సూత్రం. "సేఫ్టీ హార్నెస్ యాంకర్ పాయింట్" అని గోడ మీద రాసి ఉంటే, అక్కడున్నది హార్నెస్ కాదు, హార్నెస్ తాడు తగిలించే చోటు. చివరి మాట పాయింట్ కదా. కట్టడం పనిలో ఆరడుగులు, అంతకన్నా ఎత్తులో పని ఉంటే పడిపోకుండా రక్షణ ఏర్పాటు చేయాలన్నది ఓషా నియమం. ఆ ఏర్పాటు పేరే "ఫాల్ ప్రొటెక్షన్". అసలు మాట ప్రొటెక్షన్.

ఇప్పుడు పే స్టబ్ చూద్దాం. నేను బీకాం చదివినవాణ్ణి, లెక్క దగ్గర కాస్త ఆగుతాను, ఏమనుకోకండి. మూడు కట్టలు పక్కపక్కనే ఉంటాయి:

ఓవర్‌టైమ్ అవర్స్ – గంటలు.
ఓవర్‌టైమ్ రేట్ – గంటకు ఎంత.
ఓవర్‌టైమ్ పే – డబ్బు.

మూడింట్లోనూ ఓవర్‌టైమ్ అనే ఉంది. కళ్ళు ఆ మాట దగ్గరే ఆగిపోతే "ఆఁ, ఓవర్‌టైమ్ వేశారులే" అనిపిస్తుంది. గంటలు వేసినంత మాత్రాన డబ్బు సరిగ్గా వేసినట్టు కాదు. వారంలో 48 గంటలు, గంటకు 20 డాలర్లు అనుకోండి.

మొదటి 40 గంటలు: 40 × 20 = 800 డాలర్లు.
మిగతా 8 గంటలు ఒకటిన్నర రేటుతో: 8 × 30 = 240 డాలర్లు.
మొత్తం 1,040 డాలర్లు.

48 గంటలకూ 20 చొప్పునే వేస్తే 960 వస్తుంది. వారానికి 80 డాలర్లు తక్కువ. ఏడాదిలో అలాంటి వారాలు 50 ఉంటే 4,000 డాలర్లు. ఒకటిన్నర రేటును ఇంగ్లీషులో "టైమ్ అండ్ ఎ హాఫ్" అంటారు. టైమ్ అన్నారని అదనపు గంట అనుకోవద్దు, అది ఒకటిన్నర రెట్లు. రోజుకింత అని కూలీ మాట్లాడుకున్నా వారంలో 40 గంటలు దాటితే ఈ హక్కు పోదు. కొన్ని రకాల పనులకు మినహాయింపులు ఉన్నాయి. ముఖ్యంగా యజమాని ఇంట్లోనే ఉండేవాళ్ళు తమ లెక్క లేబర్ డిపార్ట్‌మెంటును అడిగి తెలుసుకోవాలి.

4. రెండో సూత్రం: అవ్ ఉంటే దాని ముందున్నదే అసలు మాట

ఇక్కడే మనకు తికమక. ఎందుకంటే ఇది తెలుగుకు తలకిందులు. ఉపాయం ఒకటుంది. అవ్ కనబడగానే చివరికి వెళ్ళి వెనక్కి చదువుకుంటూ రండి. తెలుగు దానంతట అదే వస్తుంది.

"రేట్ అవ్ పే" – జీతం రేటు.
"కాపీ అవ్ ది కాంట్రాక్ట్" – కాంట్రాక్టు కాపీ.
"ప్రూఫ్ అవ్ పేమెంట్" – డబ్బు ఇచ్చిన రుజువు.
"నోటీస్ అవ్ టెర్మినేషన్" – పని మాన్పిస్తున్నట్టు నోటీసు.
"ఎ కాపీ అవ్ ది లాస్ట్ పేజ్ అవ్ ది కాంట్రాక్ట్" – కాంట్రాక్టు చివరి పేజీ కాపీ.

చివరి ఉదాహరణలో అవ్ రెండుసార్లు వచ్చింది. అయినా వెనక నుంచి వస్తే ఎక్కడా తట్టుకోలేదు.

ఒక మినహాయింపు కొలతలది. "ఎ బ్యాగ్ అవ్ సిమెంట్", "టెన్ అవర్స్ అవ్ ఓవర్‌టైమ్", "టూ వీక్స్ అవ్ పే" లాంటివాటిలో ముందున్నది కొలత, వెనకున్నది సరుకు. వీటిని తెలుగు వరసలోనే చదవొచ్చు: బస్తా సిమెంటు, పది గంటల ఓవర్‌టైము, రెండు వారాల జీతం.

ఈ సూత్రంలో రెండు కట్టల దగ్గర పెన్ను కింద పెట్టి ఆలోచించాలి.

ఒకటి, "ఎ రిలీజ్ అవ్ ఆల్ క్లెయిమ్స్". అసలు మాట రిలీజ్, అంటే వదిలేయడం. దేన్ని? ఆల్ క్లెయిమ్స్, అంటే అడగాల్సినవన్నీ. "ఇక మీ మీద నాకు ఏ బాకీ లేదు, ఏదీ అడగను" అని రాసిచ్చినట్టు. క్లెయిమ్ అనే మాట చూసి "నా క్లెయిమ్ కాగితం కాబోలు" అనుకుంటే మొదటికే మోసం. దీన్ని తెలిసినవాళ్ళకు చూపించకుండా సంతకం పెట్టొద్దు.

రెండు, "అక్‌నాలెడ్జ్‌మెంట్ అవ్ సేఫ్టీ ట్రైనింగ్". భద్రత శిక్షణ నాకు అందింది అని ఒప్పుకోవడం. శిక్షణ ఇవ్వకుండానే పొద్దున్నే షీటు తిప్పి సంతకాలు తీసుకుంటే, రేపు దెబ్బ తగిలినప్పుడు "మేం నేర్పించాం, ఇదిగో సంతకం" అంటారు. శిక్షణ పనివాళ్ళకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని ఓషా చెప్తుంది. అర్థం కాకపోతే "ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్ ది ట్రైనింగ్" అని అక్కడే చెప్పండి.

5. మూడో సూత్రం: కొమ్ము ఎస్

మాట చివర పైన చిన్న కొమ్ములాంటి గుర్తు, దాని పక్కన ఎస్. ఇది మన వరసే కాబట్టి తేలిక.

"ది ఎంప్లాయర్స్ అడ్రెస్" – యజమాని అడ్రసు.
"ఎ డేస్ పే" – ఒక రోజు జీతం.
"టూ వీక్స్ నోటీస్" – రెండు వారాల ముందు చెప్పడం.
"వర్కర్స్ కాంపెన్సేషన్" – పనిలో దెబ్బ తగిలితే పనివాళ్ళకు అందే పరిహారం. న్యూజెర్సీలో ఈ చట్టం 1911 నుంచి ఉంది. తప్పు యజమానిదే అని నిరూపించాల్సిన పని లేదు.

"టూ వీక్స్ నోటీస్" ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు ముఖ్యమైన కట్ట. పైన చెప్పిన 2024 చట్టం ప్రకారం మామూలుగా పని మాన్పించేముందు రెండు వారాల నోటీసు ఇవ్వాలి. ఇంట్లోనే ఉండేవాళ్ళకైతే నాలుగు వారాలు, "ఫోర్ వీక్స్ నోటీస్". ఎందుకో మీకు తెలుసు. వాళ్ళకు పని పోతే గూడు కూడా పోతుంది. అదే చట్టం ప్రకారం నెలకు ఐదు గంటలు, అంతకన్నా ఎక్కువ పనిచేసేవాళ్ళకు రాతపూర్వక కాంట్రాక్టు ఉండాలి. పాస్‌పోర్టు లాంటి అసలు కాగితాలను యజమాని తన దగ్గర పెట్టుకోకూడదు.

6. చివరి మాట మార్చి హక్కులు తగ్గించే కట్ట

"ఇండిపెండెంట్ కాంట్రాక్టర్." మొదటి సూత్రం వాడండి. అసలు మాట కాంట్రాక్టర్. అంటే మీరు పనివాళ్ళు కాదు, సొంత వ్యాపారం చేసుకునేవాళ్ళు అని ఆ కాగితం చెప్తోంది. వ్యాపారికి మినిమమ్ వేజ్ ఉండదు, ఓవర్‌టైమ్ ఉండదు, సిక్ లీవ్ ఉండదు. "ఇండిపెండెంట్" వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ ఆ గొప్ప మన జేబులోంచి పోయేదే. ఏడాది చివర డబ్ల్యూ-2 బదులు టెన్-నైంటీ-నైన్ ఫారం ఇస్తే మిమ్మల్ని ఇలాగే లెక్కపెట్టారని గుర్తు.

అయితే న్యూజెర్సీలో కాగితం మీద పెట్టిన పేరే ఆఖరి మాట కాదు. ఏబీసీ టెస్ట్ అనే పరీక్ష ఉంది. ఒకటి, పని ఎలా చేయాలో యజమాని అజమాయిషీ ఉండకూడదు. రెండు, ఆ పని యజమాని మామూలు వ్యాపారానికి బయటిదై ఉండాలి, లేదా ఆయన వ్యాపారం నడిచే చోట్లకు బయట జరగాలి. మూడు, పనిచేసే మనిషికి తనకంటూ నిలబడిన సొంత వ్యాపారం ఉండాలి. ఈ మూడూ ఉన్నాయని యజమానే నిరూపించాలి, మనం కాదు. 2015లో పరుపులు డెలివరీ చేసే డ్రైవర్ల కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు జీతాల చట్టాలకు ఇదే పరీక్ష వాడాలని చెప్పింది. ఆ డ్రైవర్లు సంతకం పెట్టిన కాగితం పేరు "ఇండిపెండెంట్ డ్రైవర్ అగ్రిమెంట్". పేరులో ఇండిపెండెంట్ ఉన్నా, చూడాల్సింది పని ఎలా జరుగుతోందన్నదే.

7. నోటికి రావలసిన వాక్యాలు

వీటిని గట్టిగా చదివి అలవాటు చేసుకోండి. ప్రతిదానిలో ఒక కట్ట ఉంది.

"వాట్ ఈజ్ మై రేట్ అవ్ పే?" – నా జీతం రేటు ఎంత?
"కుడ్ ఐ హ్యావ్ ఎ కాపీ అవ్ ది కాంట్రాక్ట్, ప్లీజ్?" – కాంట్రాక్టు కాపీ నాకొకటి ఇస్తారా?
"దిస్ ఈజ్ ఓన్లీ ఎ పార్ట్ అవ్ మై పే." – ఇది నా జీతంలో కొంతే.
"ప్లీజ్ రైట్ ది నంబర్ అవ్ అవర్స్." – ఎన్ని గంటలో రాయండి.
"ఐ నీడ్ ఎ డే ఆఫ్ ఆన్ ఫ్రైడే." – శుక్రవారం నాకు సెలవు కావాలి.
"ఐ నీడ్ టైమ్ టు రీడ్ దిస్." – ఇది చదువుకోవడానికి నాకు సమయం కావాలి.

మన తెలుగు ఇళ్ళలో పనిచేసే అక్కలకు ఒక మాట. అక్కడ మాటలు తెలుగులోనే నడుస్తాయి, కాగితం మాత్రం ఇంగ్లీషులో వస్తుంది.

"ఆంటీ, దీని మీద ఒక సంతకం పెట్టండి. ఊరికే ఫార్మాలిటీ."
"అలాగేనమ్మా. ఒక కాపీ నాకివ్వండి, రాత్రికి చదువుకుని రేపు పెడతాను."

ఇందులో గొడవ లేదు, అమర్యాద లేదు. నిజంగా ఊరికే ఫార్మాలిటీ అయితే రేపటిదాకా ఆగొచ్చు కదా. ఆగకపోతే, ఆ కాగితం ఇంకా జాగ్రత్తగా చదవాలని అర్థం.

8. అభ్యాసం

కింది కట్టల్లో అసలు మాట ఏదో గుర్తుపట్టి, తెలుగులో చెప్పండి. జవాబులు చూడకుండా ముందు మీరే ప్రయత్నించండి.

1) సిక్ లీవ్ బ్యాలెన్స్
2) ఎ రికార్డ్ అవ్ మై అవర్స్
3) లాస్ట్ వీక్స్ ఓవర్‌టైమ్ పే
4) ఎ రిలీజ్ అవ్ ఆల్ వేజ్ క్లెయిమ్స్
5) లివ్-ఇన్ నానీ అగ్రిమెంట్
6) "టూ డేస్ అవ్ పే", "టూ డేస్ ఆఫ్" – ఈ రెండింటి తేడా ఏమిటి?

జవాబులు: 1) బ్యాలెన్స్ – ఇంకా మిగిలిన సిక్ లీవ్. 2) రికార్డ్ – నా గంటల లెక్క రాసిన పుస్తకం లేదా కాగితం. 3) పే – పోయిన వారం ఓవర్‌టైమ్ డబ్బు. 4) రిలీజ్ – జీతం బాకీలన్నీ వదిలేసుకోవడం. సంతకం వద్దు, ముందు చూపించండి! 5) అగ్రిమెంట్ – ఇంట్లోనే ఉండి పిల్లల్ని చూసే పనికి ఒప్పందం. 6) మొదటిది రెండు రోజుల జీతం, రెండోది రెండు రోజుల సెలవు.

ఈ వారం పని ఒకటే. మీ చివరి పే స్టబ్ గానీ, కాంట్రాక్టు గానీ తీసి, ఒక్కో మాటల కట్ట కింద గీత గీయండి. అసలు మాట చుట్టూ సున్నా చుట్టండి. అర్థం కానివి ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. పే స్టబ్ ఇవ్వనివాళ్ళు ఒక చిన్న నోటుబుక్కు పెట్టి, ఏ రోజు ఎన్నింటికి మొదలుపెట్టారో, ఎన్నింటికి దిగారో రోజూ రాసుకోండి. అదే మీ "రికార్డ్ అవ్ అవర్స్".

జీతం బాకీ ఉంటే ఆలస్యమైందని వదిలేయకండి. న్యూజెర్సీలో 2019 ఆగస్టు 6న వచ్చిన వేజ్ థెఫ్ట్ చట్టం ప్రకారం ఆరేళ్ళ వెనకటి బాకీ దాకా అడగొచ్చు. వేజ్ థెఫ్ట్‌లో అసలు మాట థెఫ్ట్, అంటే దొంగతనం. చట్టమే దానికి ఆ పేరు పెట్టింది. రాష్ట్ర లేబర్ డిపార్ట్‌మెంటులో ఫిర్యాదు చేయడానికి ఇమ్మిగ్రేషన్ కాగితాలు ఎలా ఉన్నా అడ్డు కాదు. కేంద్ర వేజ్ అండ్ అవర్ డివిజన్ ఫోను 1-866-487-9243. భద్రత గురించి ఓషా ఫోను 1-800-321-6742. ఫోను ఎత్తగానే "తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్" అనండి. అది కూడా మాటల కట్టే. అసలు మాట ఏదో ఇక మీకు తెలుసు.

ఇది చదువుకోవడానికి రాసిన పాఠం, లాయరు సలహా కాదు. మీ కేసు గురించి సంతకానికి ముందే అడగండి. వచ్చే నెల పాఠం: కాంట్రాక్టులో "మస్ట్", "మే" – తప్పనిసరికీ, ఇష్టమైతేకూ తేడా.